ఆపొద్దన్న మాట

అక్షరాలు మళ్ళీ ఆవగింజలంత అయిపోయాయి.

జూరా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, లాప్‌టాప్ తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి చూసింది. నిన్న సాయంత్రం ఐదింటికి ఆపేటప్పుడు అవి చిక్కుడు గింజలంత ఉన్నాయి. తనే పెంచుకుంది. మొన్నా పెంచుకుంది, అంతకు ముందు రోజూ పెంచుకుంది. కిర్గిజ్ అక్షరాల కోసం పెట్టుకున్న కీబోర్డు లేదు. తెర మీద పెట్టుకున్న నీలం రంగు లేదు. దాని బదులు నవంబరులో లాప్‌టాప్‌ల పంపకం నాడు తీసిన ఫొటో వచ్చి కూర్చుంది. అందులో జిల్లా ఆసుపత్రి పెద్ద డాక్టరు కెనెష్ ఒరోజొవిచ్ జలతారు అంచు అంగీ తొడుక్కుని, విదేశీ అతిథి చెయ్యి పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వును ఆమె రోజూ తీసేస్తుంది, రోజూ పొద్దున్నే ఆయన తిరిగొస్తాడు. ఇవన్నీ ఒక ఎత్తు. నిన్న రోగుల మధ్య తీరిక చేసుకుని ఎక్కించిన ముప్ఫై ఒక్కమంది పిల్లల టీకాల వివరాలు ఒక ఎత్తు. అవీ లేవు.

"పిల్లలు: 0" అని చూపిస్తోంది తెర.

నాలుగు నెలలుగా ఇదే వరస. తాష్-కాపా ఊళ్ళో డాక్టరు లేడు. ఉన్నది రెండు గదుల ఆరోగ్య కేంద్రం, అందులో ఇరవై రెండేళ్ళుగా జూరా ఒక్కతే. సూది వేసేదీ ఆమే, పురుడు పోసేదీ ఆమే, పొద్దున్నే పొయ్యిలో బొగ్గు వేసేదీ ఆమే. ఇవాళ మంగళవారం, జిల్లా ఆసుపత్రిలో సమావేశం, లాప్‌టాప్ పట్టుకుని రమ్మన్నారు. ఆమె నిబంధన ప్రకారం దాన్ని ఆపి, తీగ పీకి, గోడకు వేలాడే అగ్నిప్రమాద నివారణ పుస్తకంలో "ఆపాను" అని రాసి సంతకం పెట్టింది. లాప్‌టాప్‌ను ఉన్ని శాలువాలో చుట్టి, టీకాల కాగితం పుస్తకాలు మూడు సంచిలో వేసుకుని, పాలవాడి బండెక్కింది.

శుక్రవారం జిల్లాకు పైనున్న ఒబ్లాస్ట్ కార్యాలయం నుంచి తనిఖీకి వస్తున్నారు. తనిఖీకి ముందు తనిఖీ చెయ్యడం మా వైపు ఆచారం. చుట్టాలొస్తున్నారంటే గిన్నెల అడుగులు కూడా తోమి పెట్టే జాతి మాది. పన్నెండు ఊళ్ళ నుంచి పన్నెండు మంది ఆడవాళ్ళు పొడుగాటి బల్ల చుట్టూ కూర్చున్నారు. ఒక్క జూరా తప్ప మిగతావాళ్ళంతా లాప్‌టాప్‌లను మూత సగం తెరిచే మోసుకొచ్చారు, నిద్రపోతున్న పసిపిల్లల్ని ఎత్తుకొచ్చినట్టు. చలికి వేళ్ళు ముడుచుకుపోయి అలా పట్టుకున్నారనుకుంది జూరా.

కెనెష్ ఒరోజొవిచ్ బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క తెర చూస్తున్నాడు. రెండు వందల పది, మంచిది. నూట ఎనభై, పరవాలేదు. బుబుసారా తెర మీద రెండు వందల అరవై ఉంటే ఆమె భుజం తట్టాడు. బుబుసారా పక్క ఊరు కోక్-తాల్‌లో పనిచేస్తుంది, జూరాతో నర్సింగు బడిలో ఒకే మంచం మీద పడుకుని చదువుకున్న మనిషి. తర్వాత జూరా తెర ముందు ఆయన ఆగిపోయాడు.

"సున్నా," అన్నాడు. "జూరా సాదికొవ్నా, మీ ఊళ్ళో ఆడవాళ్ళు పిల్లల్ని కనడం మానేశారా?"

ఒకరిద్దరు నవ్వారు. నవ్వాలి కాబట్టి నవ్వారు.

"రోజూ ఎక్కిస్తున్నానండీ. పొద్దున్నకి పోతోంది. అక్షరాల సైజు పోతుంది, కీబోర్డు పోతుంది, ఎక్కించినదంతా పోతుంది. మూడుసార్లు ఫోన్ చేసి చెప్పాను. భద్రం చేసే బొత్తాం నొక్కలేదేమో చూసుకోమన్నారు. నొక్కుతూనే ఉన్నాను."

"పదకొండు మందికి పోనిది మీ ఒక్కరికే పోతోందా?"

జూరా సంచిలోంచి పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. "పేరు, తేదీ, మందు సీసా నంబరు, మూడు వందల పన్నెండు మంది పిల్లలవీ ఇందులో ఉన్నాయి. ఒక్క సూది తప్పిపోలేదు."

ఆయన ఆ పుస్తకాలను వేలితో కూడా ముట్టుకోలేదు. "కాగితాలు మానెయ్యమని నవంబరులోనే ఆర్డరిచ్చాను. మీరు యంత్రం ముట్టుకోకుండా కాగితాల మీద కాలక్షేపం చేసి, ఇప్పుడు యంత్రం తినేసిందంటున్నారు. లాప్‌టాప్ బాగానే ఉంది. శుక్రవారం తొమ్మిదింటికి ఇందులో మూడు వందల పన్నెండు కనబడాలి. కనబడకపోతే తొలగింపు ఆర్డరు మీద సంతకం పెడతాను. నరీన్ కాలేజీలో చదివొచ్చిన పిల్ల ఒకతి సిద్ధంగా ఉంది, దానికి కంప్యూటరు కొట్టిన పిండి."

జూరా చుట్టూ చూసింది. నాకూ ఎప్పుడైనా ఇలా అయిందని ఒక్కరంటే చాలు. పదకొండు మందీ తమ తమ తెరల్లోకి చూసుకుంటున్నారు. బుబుసారా బల్ల కింద ఆమె మోకాలు మెల్లగా తట్టింది. ఆ తట్టడం ఓదార్పనుకుంది జూరా. పుస్తకాలు సంచిలో పెట్టేసుకుంది.

బజారు చివర ఇనుప కంటెయినర్‌లో టోక్టోసున్ కొట్టు. ఒకప్పుడు టీవీలు బాగుచేసేవాడు. టీవీలు పలచబడ్డాక ఫోన్లు, కంప్యూటర్లు చూస్తున్నాడు. ఆయన లాప్‌టాప్‌ను తిరగేసి, స్క్రూల మీదా పక్కనున్న రంధ్రాల మీదా అంటించిన ముద్ర కాగితాలు చూసి పెదవి విరిచాడు.

"చెల్లెమ్మా, నోరు కుట్టేసి, గొంతు చూడమంటే ఎలా?"

"ఆ ముద్రలు శుక్రవారం ఒబ్లాస్ట్ వాళ్ళే చింపి లెక్కలు తీసుకుంటారు. ముందే చిరిగితే అదో నేరం అన్నా. పైపైనే చూడు."

"పైపైనే చూసేవాడు వైద్యుడు కాదు, పెళ్ళిచూపులకొచ్చినవాడు," అంటూనే ఆయన దాన్ని వెలిగించాడు. "వేళ చూడు, నిమిషంతో సహా సరిగ్గా ఉంది. అంటే లోపలి చిన్న బ్యాటరీకి ఏం కాలేదు." డిస్కును పరీక్షించే ఆజ్ఞ కొట్టి, అది నడుస్తున్నంత సేపూ మూత మీద చెవి ఆనించి విన్నాడు. ఇరవై నిమిషాలు. జూరా పొయ్యి పక్కన నిలబడి ఆయన చెవినే చూస్తోంది. "డిస్కు గొణగడం లేదు, మచ్చ కూడా లేదు. వైరస్ లేదు. ఇక యంత్రంలో నీ పేరు మీదున్న ఖాతా, నీ గది అనుకో, చెడిపోయి ఉండాలి. ఒక్కోసారి మనిషి గది పాడైతే యంత్రం రోజూ కొత్త గది ఇస్తుంది, సాయంత్రానికి ఊడ్చేస్తుంది. అదైతే గంట పని."

ఆయన తన పేరు మీద కొత్త గది కట్టాడు. అందులోకి వెళ్ళి అక్షరాలు పెద్దవి చేశాడు, బంగాళాదుంపలు అని ఒక కాగితం రాసి భద్రం చేశాడు. యంత్రం ఆపాడు. మళ్ళీ వెలిగించాడు.

బంగాళాదుంపలు లేవు. అసలు టోక్టోసున్ అనే గదే లేదు. పెద్ద డాక్టరు నవ్వుతున్నాడు.

టోక్టోసున్ ముఖంలో ఎగతాళి పోయింది. ఇంకోసారి కట్టాడు, ఇంకోసారి ఆపాడు. అదే సంగతి. అప్పుడు తెర కింది మూల దాచిన గుర్తులన్నీ ఒక్కొక్కటే బయటికి లాగి చూడటం మొదలుపెట్టాడు. వాటి మధ్య నువ్వుగింజంత తాళం బొమ్మ ఒకటి కనిపించింది. దాన్ని రెండుసార్లు కొడితే పాస్‌వర్డ్ అడిగింది.

"దీనికి రోగం లేదు చెల్లెమ్మా," అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి. "చెప్పిన మాట వింటోంది, అంతే. ఇది గడ్డకట్టించే తాళం. ఇదివరకు ఆటల క్లబ్బుల్లో పెట్టేవాళ్ళం, పిల్లకాయలు ఎంత చెడగొట్టినా ఆపి వెలిగిస్తే మళ్ళీ మొదటికొచ్చేట్టు. తాళం వేసిన రోజు ఎలా ఉందో, ఎప్పుడు ఆపినా ఆ రోజుకే తిరిగి వెళ్ళిపోతుంది. నువ్వు రోజూ పద్ధతిగా ఆపుతున్నావు కదూ?"

"ఆపాలి కదా. పుస్తకంలో సంతకం పెట్టాలి."

"అదే. నువ్వు రోజూ సంతకం పెట్టి మరీ తుడిచేస్తున్నావు."

జూరాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగు నెలల సాయంత్రాలు కళ్ళ ముందు కదిలాయి. తన చేత్తో, తన వేలితో, నిబంధన ప్రకారం. "ఎవరు వేశారు ఈ తాళం?"

"ఆసుపత్రి కంప్యూటర్లు చూసేది నా బామ్మర్దే," అని టోక్టోసున్ ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, బయటికి వినపడేలా మోగించాడు. "ఒరే రిస్బెక్, లాప్‌టాప్‌లకి తాళం వేసింది నువ్వేనా?"

"ఎవరు చెప్పారు బావా?"

"యంత్రమే చెప్పింది. నీకన్నా దానికి నీతి ఉంది."

రిస్బెక్ గొంతు తగ్గించాడు. పంపకం నాడు ఎవరో పిల్ల వేలు పెట్టి ఆ ఫొటో చెరిపేసిందట. విదేశీ అతిథులు ఎప్పుడొచ్చి తెరిచినా మొదటి రోజులాగే కళకళలాడాలని పెద్ద డాక్టరు పట్టుబట్టాడట. అందుకే రిస్బెక్ తాళం వేశాడు. పంచేముందు తియ్యాలనుకున్నాడు, కానీ గొర్రె ఉడికేలోపే పంపకం అయిపోయింది. "పెద్దాయన తాళం తీసేశాననుకుంటున్నాడు బావా. తియ్యలేదని తెలిస్తే నా తల తీస్తాడు. అందుకే ఆ రోజే ఆడవాళ్ళందరికీ చెవిలో వేశాను, నేను ఊరూరూ తిరిగి తీసేదాకా ఎవరూ ఆపకండి, వెలిగించే ఉంచండి, బయట అనకండి అని."

"నాకు చెప్పలేదు," అంది జూరా ఫోన్ మీదికి వంగి.

"జూరా అక్కా? మీరూ..." అతను తడబడ్డాడు. "మీరు ఆ రోజు ఆ లావాటి అతిథికి బీపీ ఎక్కితే పక్క గదిలో ఉన్నారు కదూ. మిగతావాళ్ళు చెప్పి ఉంటారనుకున్నా."

"ఇప్పుడు పాస్‌వర్డ్ చెప్పు."

"శుక్రవారం దాటాక నేనే వచ్చి తీస్తానక్కా. ఇప్పుడొక దానికి తీస్తే మిగతా పదకొండూ బయటపడతాయి. అప్పటిదాకా ఆపకుండా ఉంచండి, మీ పని అయిపోతుంది." ఫోన్ పెట్టేశాడు. టోక్టోసున్ మళ్ళీ మోగిస్తే ఎత్తలేదు.

"మా ఆవిడ తమ్ముడు గనక ఇంతకన్నా తిట్టలేను," అన్నాడు టోక్టోసున్. మామూలు మనిషి దగ్గర తీసుకునే డబ్బులో సగమే తీసుకుని, "మూత ముయ్యకు," అని పంపించాడు.

బండిలో దారి పొడుగునా జూరా ఒక్కటే లెక్క వేసుకుంది. పదకొండు మందికి తెలుసు. కాదు, పది మందికి. బుబుసారాకు తెలిసి ఉండదు, తెలిస్తే చెప్పేది.

బుధవారం పొద్దున మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టింది. ఎడమ పక్క పుస్తకం, కుడి పక్క లాప్‌టాప్. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మందు, సీసా నంబరు, ఏ చెయ్యి, ఏ తేదీ. ఒక్కో బిడ్డకు మూడు నిమిషాలు. మధ్యలో చెవిపోటుతో ఒకడొచ్చాడు, వేలు తెగిన ముసలాయన ఒకడొచ్చాడు. కట్టు కట్టి మళ్ళీ కూర్చుంది. సాయంత్రం ఐదింటికి చెయ్యి అలవాటుగా ఆపే బొత్తాం మీదికి పోతే ఉలిక్కిపడి వెనక్కి లాక్కుంది. గోడ మీది పుస్తకంలో ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ రోజు గడి ఖాళీగా ఉండిపోయింది. తప్పు చేసినట్టే అనిపించింది ఆమెకు. లాప్‌టాప్‌ను ఇంటికి మోసుకెళ్ళి, గోడ దగ్గర ప్లగ్గుకు తగిలించి, పక్కలో పెట్టుకుని పడుకుంది.

గురువారం మధ్యాహ్నానికి నూట తొంభై ఆరు అయ్యాయి. రెండింటికి కరెంటు పోయింది.

ఆమె గుమ్మంలోకి వచ్చి చూసింది. ఊరంతా పోయింది. కనుమలో తీగ తెగిందని, రేపటికి గాని రాదని పక్కింటాయన కేకేసి చెప్పాడు. లాప్‌టాప్ బ్యాటరీ నలభై ఒక్క శాతం అని చూపిస్తోంది. తెర వెలుతురు తగ్గించి కొట్టసాగింది. ముప్ఫై మూడు. ఇరవై నాలుగు. పుస్తకం మీద వేలు, తెర మీద కన్ను. ఊళ్ళో జెనరేటరు గొర్రెల ఆసామికొక్కడికే ఉంది, వాడు మందతో కింది లోయకు పోయాడు. బుబుసారా మొగుడు ట్రాక్టరు మెకానిక్కు. కారు బ్యాటరీలూ, దాని కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె వాళ్ళకున్నాయి. కోక్-తాల్ మూడు కిలోమీటర్లు.

లాప్‌టాప్‌ను తెరిచే ఛాతీకి ఆనించి, పైన ఉన్ని కోటు బొత్తాలు పెట్టుకుని, చార్జరు జేబులో వేసుకుని బయల్దేరింది. చలికి బ్యాటరీ తొందరగా చస్తుందని తెలుసు, టీకా పెట్టెల బ్యాటరీలతో పడ్డ తిప్పలు తక్కువా? మంచు మీద పరుగెత్తితే జారతాను, జారితే పోతుంది. నడిస్తే వేళ పోతుంది, వేళ పోయినా పోతుంది. సగం పరుగు, సగం నడకగా పోయింది. వంతెన దగ్గర కోటు లోపలికి తొంగి చూస్తే పదమూడు. స్కూలు దగ్గర తొమ్మిది. యంత్రం లోపలి చిన్న ఫ్యాను రొద ఛాతీకి తెలుస్తోంది, అది తెలిసినంత సేపూ ఆ రెండు వందల పేర్లు బతికే ఉన్నాయి.

బుబుసారా కేంద్రం తలుపు గట్టిగా కొట్టింది. తలుపు ఒక జానెడు తెరుచుకుంది. ఆ సందులో బుబుసారా ముఖం.

"జూరా! ఏమే, ఇంత చలిలో?"

"నీ బ్యాటరీ కావాలి. త్వరగా. ఐదో ఆరో మిగిలింది."

బుబుసారా కదల్లేదు. తలుపు ఇంకాస్త తెరవలేదు, మూయలేదు. "లోపల... రోగి ఉంది, బట్టలిప్పి ఉంది. ఉండు," అని లోపలికి పోయింది. జూరా గడప ముందు మంచులో నిలబడింది. మా వైపు శత్రువునైనా గడప ముందు నిలబెట్టరు. లోపల మాటలు లేవు, దగ్గు లేదు, మంచం కిర్రుమనలేదు. బుబుసారా తిరిగొచ్చింది. చేతిలో గుండ్రటి రొట్టె ఉంది.

లోపలికి రాకుండా వెళ్ళే మనిషికి గడపలో రొట్టె రుచి చూపించి పంపడం మర్యాద. ఇది తిని వెళ్ళు అని దానర్థం. అది జూరాకూ అర్థమైంది. కానీ రొట్టె ఎదురుగా పెట్టాక కాదనే చెయ్యి ఈ కొండల్లో లేదు. ఆమె కోటు బొత్తాం తీసి, కుడి చెయ్యి బయటికి లాగి, రొట్టె తుంచుకుని నోట్లో పెట్టుకుంది. చల్లగాలి కోటు లోపలికి దూసుకుపోయింది. రొట్టె ఇంకా నాలుక మీదే ఉంది, ఛాతీ దగ్గర ఫ్యాను రొద ఆగిపోయింది.

"పోయింది," అంది జూరా.

తర్వాత తలుపును భుజంతో తోసి లోపలికి వెళ్ళింది. రోగి లేదు. మంచం మీద మెత్తటి బొంతలో చుట్టిన లాప్‌టాప్ ఉంది, మూత తెరిచి ఉంది, తీగ కింద ఉన్న కారు బ్యాటరీకి పోతోంది. తెర మీద అక్షరాలు పెద్దపెద్దగా ఉన్నాయి, బుబుసారా మనవరాలి ఫొటో ఉంది. నవంబరు నుంచి ఉన్నట్టుంది.

"నీకు తెలుసు," అంది జూరా.

బుబుసారా రొట్టె బల్ల మీద పెట్టింది. చేతులు తుడుచుకుంది. "చెబుదామనే అనుకున్నానే. వాళ్ళంతా నీకు చెప్పొద్దన్నారు."

"ఎందుకు?"

"నీకు చెబితే సమావేశంలో లేచి చెప్పేస్తావు గనక! నీ సంగతి ఎవరికి తెలియదు? బొగ్గు తక్కువ వేసినా లేచి అడుగుతావు, కుళ్ళిన దూది పంపినా లేచి అడుగుతావు. నువ్వు లేచి చెబితే రిస్బెక్ పోతాడు, దాచినందుకు మేమూ పోతాం. అందరం నోరు మూసుకుంటే అందరం బతుకుతామనుకున్నాం."

"అందరం అంటే పదకొండు మందా? పన్నెండో దాన్ని నేను పీనుగునా?"

"తిట్టు. చెప్పుతో కొట్టు, పడతా."

"మంగళవారం ఆయన నన్ను అన్ని మాటలంటుంటే మోకాలు తట్టావే, అలాంటిదాన్ని కొట్టి ఏం లాభం?" జూరాకు ఏడుపు వచ్చేసింది, దాచుకోలేదు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "నీ పుస్తకాలేవి? పోనీ కాగితం మీదన్నా సరిగ్గా ఉన్నాయా?" అంది, పనే లోకమైన మనిషి కాబట్టి.

బుబుసారా తల దించుకుంది. "ఏ పుస్తకాలు? నవంబరులో మానెయ్యమన్నాడు కదా. మానేశాం. నాదే కాదు, మిగతావాళ్ళవీ అంతే. ఉన్నదంతా ఇందులోనే ఉంది." బొంత అంచు సర్ది తెర మీద చెయ్యి వేసింది. "నా మొగుడు రాత్రిళ్ళు లేచి చూస్తాడు, ఆరిందేమోనని. ఇంట్లో పసిబిడ్డ ఉన్నప్పుడు కూడా ఇన్నిసార్లు లేవలేదు."

శుక్రవారం తొమ్మిదింటికి పన్నెండు లాప్‌టాప్‌లు బల్ల మీద వరసగా ఉన్నాయి. గోడలో ఉన్న ప్లగ్గులన్నిటికీ తీగలు, ఆ తీగల చివర మళ్ళీ తీగలు. ఒబ్లాస్ట్ వాళ్ళు పదకొండింటికి వస్తారు. రిస్బెక్ తలుపు పక్కన నిలబడి బూట్లు చూసుకుంటున్నాడు. జూరా తన లాప్‌టాప్ మూత పూర్తిగా తెరిచింది. తీగ అతికి కరెంటు వచ్చేసరికి తెల్లారి ఏడయింది, బండెక్కేలోపు ఆమె పదకొండు పేర్లే ఎక్కించగలిగింది.

"పదకొండు," అన్నాడు కెనెష్ ఒరోజొవిచ్. ముందే కొట్టించి తెచ్చుకున్న ఆర్డరు కాగితం ఫైలులోంచి తీశాడు. "ఇంకేమైనా చెప్పేది ఉందా, జూరా సాదికొవ్నా?"

"ఉంది." ఆమె లేచి నిలబడింది. ఎవరో అబ్బా అన్నట్టు ఊపిరి వదిలారు. "ఈ యంత్రానికి గడ్డకట్టించే తాళం ఉంది. పంపకం నాడు మీరు వెయ్యమన్నదే. తియ్యలేదు. ఆపినప్పుడల్లా అంతా తుడుచుకుపోతుంది. పన్నెండింటికీ ఉంది."

"తాళం ఆ రోజే తీసేశారు. రిస్బెక్!"

రిస్బెక్ బూట్ల మీంచి కళ్ళెత్తలేదు. "తీ... తీసేసే ఉంటుందండీ."

"మీలో ఎవరిదన్నా పోయిందా?" పెద్ద డాక్టరు బల్ల పొడుగునా చూశాడు. దొంగకు తేలు కుట్టినట్టు పదకొండు మందీ కిక్కురుమనలేదు. ఆయన గెలిచినట్టు తలాడించాడు. ఆయనేం అబద్ధమాడటం లేదు, నిజంగానే నమ్ముతున్నాడు. నమ్మకం ఉన్న మనిషి చేతికి ఎంత ధైర్యమో. "సరే, అందరి ముందే తేలుద్దాం. ఆపి వెలిగిద్దాం. పోతే మీ మాట నిజం. పోకపోతే ఈ కాగితం మీద సంతకం." తనకు దగ్గరలో ఉన్నది బుబుసారా లాప్‌టాప్. ఆయన వేలు దాని బొత్తాం మీదికి వెళ్ళింది.

బుబుసారా ముఖం సున్నం కొట్టినట్టయింది.

జూరా చూస్తోంది. ఆ వేలు నొక్కితే తను గెలుస్తుంది. ఇంకెవరూ ఏమీ అనక్కర్లేదు, సాక్ష్యం అక్కర్లేదు, తెరే చెబుతుంది. ఊరికే నిలబడితే చాలు. మూడు రోజులుగా గుండెలో రాయిలా ఉన్నది దిగిపోతుంది. ఒక్క క్షణం ఆమె నిలబడింది కూడా.

వేలు బొత్తాన్ని తాకింది. జూరా బల్ల మీదుగా వంగి ఆయన మణికట్టు పట్టుకుంది. గట్టిగా, సూదికి భయపడి గింజుకునే పిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు. పై అధికారి, పైగా వయసులో పెద్దవాడు. అలాంటి మనిషి చెయ్యి ఆడది పట్టుకోవడం ఆ గదిలో ఎవరూ చూసి ఎరగరు.

"నొక్కకండి," అంది. "అందులో రెండు వందల అరవై మంది పిల్లలున్నారు."

"ఇదేమిటి! మీ మాట నిజమో కాదో తేలొద్దా!"

"తేలుతుంది. తేలాక ఎవరికి ఏ సూది పడిందో ఎవరు చెబుతారు? వాళ్ళ దగ్గర కాగితం లేదు. మీరే మానిపించారు. వేసినవాళ్ళకే మళ్ళీ వేస్తారు, వెయ్యనివాళ్ళను వదిలేస్తారు. నా ఉద్యోగం పోతే పోనీ గాని, ముందు ముద్రలు చింపి అవన్నీ బయటికి తీయించండి. తర్వాత ఏది ఆపుకుంటారో ఆపుకోండి."

కెనెష్ ఒరోజొవిచ్ ఆమెను చూశాడు, తన చేతిని పట్టుకున్న చేతిని చూశాడు, బుబుసారాను చూశాడు.

"ఆపకండి," అంది బుబుసారా. "ఆపితే పోతుంది. జూరా చెప్పింది నిజం. నాకు నవంబరు నుంచీ తెలుసు."

బల్ల అవతల ఎవరో తన లాప్‌టాప్‌ను రెండు చేతులా దగ్గరికి లాక్కున్నారు. దాని పక్కావిడ కూడా లాక్కుంది. ఆ పక్కది కూడా. ఆయనకు దూరంగా జరుపుకున్నారు, అంతే. బల్ల చివరి దాకా అలా జరిగాయి. రిస్బెక్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

పెద్ద డాక్టరు ముఖంలో రంగు ముందు ఎరుపెక్కి, తర్వాత దిగిపోయింది. కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చున్నాడు. "నాలుగు నెలలు," అన్నాడు. "పదకొండు మంది. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పిన మనిషికి ఏమయిందో మంగళవారం చూశాం కదండీ," అంది బుబుసారా.

ఆర్డరు కాగితం బల్ల మీద ఆయన మోచేతి కింద పడి ఉంది, దాని సంగతే మరిచిపోయినట్టున్నాడు. "పదకొండింటికి వాళ్ళొచ్చి తీసుకునేదాకా ఎవరూ దేన్నీ ఆపకండి," అన్నాడు, ఎప్పుడూ లేనంత మెల్లగా.

అప్పటికి గాని జూరా చూసుకోలేదు, ఆయన మణికట్టు ఇంకా తన చేతిలోనే ఉంది. వదిలేసింది.